4,000 మీటర్ల శిఖరం ఒక్క రోజులో ఎక్కి దిగాలంటే ఎన్నింటికి బయల్దేరాలి?

రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే అలవాటుంది, పొద్దున ఏడింటికి మొదలుపెడితే చాలదా అని అడిగారు. చాలదండీ. పరుగు కాళ్లను గట్టిపరుస్తుంది గానీ పలుచని గాలికి అలవాటు చేయదు. పైగా పరుగు అలవాటున్నవాళ్లే మొదటి గంటలో జోరుగా ఎక్కేసి, పైకెళ్లేసరికి తలనొప్పితో చతికిలబడుతుంటారు. పక్కవారితో ఆయాసం లేకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది. అంతకు మించొద్దు.

ఇక టైము లెక్క. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. దారి 2,600 మీటర్ల దగ్గర మొదలై ఒకవైపు 8 కిలోమీటర్లుంటే దూరానికి గంటా ముప్పై ఆరు నిమిషాలు, ఎత్తుకు రెండు గంటల ఇరవై. అంటే దాదాపు నాలుగు గంటలు. ఇందులో ఆగిన సమయం లేదు. 4,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సుమారు 60 శాతమే కాబట్టి 3,000 దాటాక నడక మందగిస్తుంది. నేనైతే ఇంకో గంటన్నర కలుపుతాను.

వేసవిలో ఎండకు వేడెక్కిన గాలి కొండవాలు వెంట పైకి లేచి మధ్యాహ్నానికి మబ్బులు కడుతుంది. పిడుగులు పడేది అప్పుడే, దాక్కునే చోటు లేనిది శిఖరం మీదే. పదకొండుకల్లా దిగడం మొదలవ్వాలి. ఆగే సమయానికి ఇంకో గంట వదిలి వెనక్కి లెక్కేసుకుంటే తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాలి, తలకు హెడ్‌ల్యాంప్‌తో. వెనుదిరిగే టైము కింద ఉన్నప్పుడే ఖాయం చేసుకోండి. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే, ఆ టైముకు తిరగాల్సిందే. పైన ఆక్సిజన్ తక్కువై బుర్ర కూడా మందగిస్తుంది, అక్కడ తీసుకునే నిర్ణయాన్ని నమ్మలేం.

నీళ్లు గంటకు అర లీటరు చొప్పున. పది గంటలకు సరిపడా మొయ్యడం బరువు కాబట్టి దారిలో వాగు ఉంటే మూడు లీటర్లూ ఒక ఫిల్టరూ చాలు. వీపున మోసే నీళ్ల సంచి అయితే, దాన్నుంచి నోటికి వచ్చే గొట్టంలో నీళ్లు చలికి గడ్డకడతాయి. తాగిన ప్రతిసారీ గొట్టంలోకి ఊది నీళ్లను వెనక్కి పంపాలి. సీసా అయితే తలకిందులుగా పెట్టండి, మంచు ముందు పైభాగంలోనే కడుతుంది, మూత బిగుసుకోదు.

వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది, గాలి వీస్తే ఇంకా ఎక్కువ. చెమటకు తడిసిన నూలు బనియను ఆరదు, సింథటిక్ లేదా ఉన్ని వేసుకోండి.

తలనొప్పితో పాటు వికారం ఉంటే అక్కడితో ఎక్కడం ఆపేయండి. మడమకు బొటనవేలు ఆనించి తిన్నగా పది అడుగులు వేయలేకపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా మెదడుకో ఊపిరితిత్తులకో నీరు చేరుతోందని అనుమానించాలి. వెంటనే, ఎవరో ఒకరి తోడుతో, కిందకు దిగాలి. అక్కడే విశ్రాంతి తీసుకుంటే నయమవదు. ఎత్తు జబ్బు లక్షణాలు చాలామందికి ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాతే బయటపడతాయి, అందుకే శిఖరం మీద బాగానే ఉన్నవాళ్లకు దిగేటప్పుడు తల పగిలిపోతుంటుంది.

దిగేముందు బూట్ల లేసులు చీలమండ దగ్గర బిగించండి. లేకపోతే పాదం ముందుకు జారి గోళ్లు నల్లబడతాయి. చేతికర్రలు ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడవు పెంచుకుంటే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది.