దశమభాగం తప్పలేదు, దీవెన ఎందుకు కనపడదు?

ప్రశ్న: మాది గాజువాక. మావారిది పరవాడ ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు పని, జీతం 22,000. నేను మిషన్ కుట్టి ఓ 5,000 తెస్తాను. దశమభాగం, అంటే సంపాదనలో పదోవంతు దేవునికిచ్చేది, ఏ నెలా తప్పలేదు. మందిర నిర్మాణానికని, ఆడపడుచు పెళ్లికని మూడు రూపాయల వడ్డీకి 1,50,000 తెచ్చాం. వడ్డీ ఆయన గుమ్మంలోకొస్తే ‘నాన్న లేరు’ అని పాపతో చెప్పిస్తున్నాం. అత్తగారికి బీపీ. డబ్బు చాలక మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. ఆవిడ విధవ పింఛను కూడా ఇంట్లోకే వాడేస్తున్నాం. ఏమన్నా అంటే, ‘దేవుని మాట వింటున్నాం, దీవెన అదే వస్తుంది’ అంటారు మావారు. నా మెడలో మూడు తులాల గొలుసు ఉంది, తాకట్టు పెట్టాలంటే మనసొప్పదు. ఖర్చుల చిట్టా రాసి పంపుతున్నాను. భర్తకు ఎదురు చెబితే దేవునికి అవిధేయత అవుతుందా?
- ఒక సహోదరి

జవాబు: అవదమ్మా. భార్య భర్తకు లోబడాలన్న ఎఫెసీ 5:22కు ముందు వచనంలోనే ఒకరికొకరు లోబడమని ఉంది. దావీదు మనుషులకు ఆహారం ఇవ్వనని నాబాలు మొండికేసినప్పుడు, కోపంతో వస్తున్న దావీదు ఎదుట అతని భార్య అబీగయీలు నోరు విప్పబట్టే ఆ ఇల్లు నిలిచింది.

ఇక మీ చిట్టా. అద్దె 6,500, సరుకులు, పాలు, గ్యాస్ 10,500, పాప చదువు 3,500, పెట్రోలు 2,000, కరెంటు, ఫోన్లు 1,200, వడ్డీ 4,500, దశమభాగం 2,700. మొత్తం 30,900. మీ ఇద్దరి సంపాదన 27,000. లోటు 3,900. అత్తగారి పింఛను 4,000. అంటే ప్రతి నెలా వడ్డీ వ్యాపారి చేతికీ, కానుక కవరులోకీ వెళ్లే సొమ్ములో ఆవిడ మాత్రల డబ్బు కలిసే ఉంది. మీవారు కావాలని చేస్తున్నారని అనడం లేదు. డబ్బంతా ఒకే డబ్బాలో పడితే ఎవరిది ఎక్కడికి పోయిందో కనపడదు.

మీవారు పట్టుకున్న వాక్యం మలాకీ 3:10 అయి ఉంటుంది, దశమభాగమంతా తెస్తే పట్టజాలనంత దీవెన కుమ్మరిస్తానన్నది. తప్పు కాదు. ఆ అధ్యాయంలోనే ఐదు వచనాలు వెనక్కి వెళ్లి చదవమనండి. కూలివాణ్ని, విధవరాలిని, తండ్రి లేనివారిని బాధపెట్టేవారికి విరోధంగా తానే సాక్షినని దేవుడు అంటాడు. దశమభాగం ఎవరి కోసమో ద్వితీయోపదేశకాండం 14:28-29లో ఉంది. మూడో ఏటి భాగాన్ని మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు తిని తృప్తి పొందాలి, అలా చేస్తే చేతిపనులన్నిటిలో దీవెన. ఆ విధవరాలు మీ ఇంట్లోనే ఉంది. తల్లిదండ్రులకు పెట్టాల్సింది దేవునికిచ్చేశామనేవాళ్లను యేసు మార్కు 7:9-13లో ఎంత గట్టిగా గద్దించాడో కూడా చూడండి. తల్లిదండ్రులను సన్మానించమన్నది వాగ్దానంతో కూడిన మొదటి ఆజ్ఞ అని పౌలు రాశాడు. దీవెన కోసం ఎదురుచూసే మనిషి ఆ ఆజ్ఞను దాటిపోవడం విచిత్రం.

అప్పు సంగతీ అంతే. విధేయులైతే అప్పిచ్చేవారు అవుతారు గాని అప్పు చేయరని ద్వితీయోపదేశకాండం 28:12. అప్పు తెచ్చి కానుక వేయడం ఆ వాక్యాన్ని తలకిందులు చేయడమే. అప్పులవాళ్లు కొడుకుల్ని పట్టుకుపోతారని ఏడ్చిన విధవరాలికి, ఆమె కుండలోని కాస్త నూనె అద్భుతంగా పెరిగాక, ప్రవక్త ఎలీషా చెప్పిన వరస ఏమిటి? నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలిన దానితో బతకండి. నూనె ఇచ్చింది దేవుడు, అమ్మడానికి వెళ్లాల్సింది ఆవిడ.

మీ దగ్గరున్న నూనె ఆ గొలుసే. ప్రభుత్వ బ్యాంకులో బంగారం మీద అప్పు నెలకు నూటికి రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. 1,50,000కు మహా అయితే 1,500. నెలకు 3,000 మిగులు. అసలు వ్యాపారి చేతికిచ్చే ముందే ప్రోనోటు, ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే అదీ బల్ల మీద పెట్టించండి. ప్రోనోటు మీద చెల్లు రాయించి సంతకం తీసుకోండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. డబ్బు కట్టేస్తారు, మొహమాటపడి కాగితం అడగరు. బ్యాంకు గడువు సాధారణంగా ఏడాది. వడ్డీ కట్టి తిరగరాయించుకోవచ్చు. మరిచిపోతే నోటీసు, ఆ తర్వాత వేలం.

అయినా ఇంకా 900 లోటు. అప్పు తీరేదాకా కానుక 1,000 చేసుకుంటే 800 మిగిలి అసలులోకి పోతుంది. లేనిదాన్ని బట్టి కాదు, కలిగినదాన్ని బట్టే అర్పణ ప్రీతికరమని 2 కొరింథీ 8:12. ఆయన తగ్గించనంటే మాత్రం పట్టుపట్టకండి. గొలుసు మార్గం ఒక్కటే నడిచినా పింఛనులో 3,100 ఆవిడకు మిగులుతుంది, మాత్రలకు అది ఎక్కువే. ఆయనకు తెలియకుండా కవరులో నోట్లు తగ్గించడం, చెప్పకుండా గొలుసు పెట్టడం, రెండూ వద్దు.

మాట్లాడటానికి బి షిఫ్టు దిగి పదిన్నరకు వచ్చిన రాత్రి మంచిది కాదు. ఆఫ్ రోజు పొద్దున టిఫిన్ అయ్యాక, అత్తగారు వినేచోట కాకుండా, చిట్టా ముందు పెట్టుకుని కూర్చోండి. దశమభాగంతో మొదలుపెట్టారా, ఆయన విశ్వాసం మీద చెయ్యేసినట్టు ఉంటుంది, తలుపు అక్కడే మూసుకుంటుంది. ‘అత్తయ్య మాత్రలు రోజూ పడాలి, ఈ నెల నుంచి ఆవిడ పింఛను ఆవిడ డబ్బాలోనే ఉంచుదామండీ’ అనండి. దానికి కాదనే కొడుకు అరుదు. లెక్క ఆ తర్వాత. వాక్యాలు మీరు అప్పజెప్పొద్దు, కుటుంబ ప్రార్థనలో మలాకీ మూడో అధ్యాయం మొదటినుంచి ఆయన్నే చదవమనండి. అవసరమైతే ఇద్దరూ కలిసి అదే చిట్టాతో పాస్టరుగారి దగ్గరికి వెళ్లండి. ఇది చూశాక కూడా అప్పు చేసైనా ఇవ్వమనే బోధకుడి సలహా డబ్బు విషయంలో తీసుకోకండి.

పాపతో అబద్ధం ఆడించడం ఇవాళే ఆపండి. వడ్డీ ఆయన వస్తే మీలో ఒకరు ఎదురెళ్లి, ‘ఫలానా తారీఖుకు ఇంత ఇస్తాం’ అని తక్కువ మొత్తమైనా ఖాయంగా చెప్పి, ఆ రోజు ఇచ్చి తీరండి. అప్పు అంతే ఉన్నా, గేటు చప్పుడైతే ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టడం పోతుంది. దీవెన అనగానే జీతం పెరగడమే చూస్తాం గాని, విధేయతకు ముందుగా అందేది ఇలాంటిదే.

బీపీ మాత్రలకు మాత్రం ఆఫ్ రోజు దాకా ఆగొద్దు. రోజు విడిచి రోజు వేసుకుంటే బీపీ ఎగిరి పక్షవాతం దాకా పోవచ్చు. రేపు పొద్దున్నే పాత చీటీతో ఆవిడను దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి, బీపీ మాత్రలు అక్కడ ఉచితం. ఎన్నాళ్లుగా ఎన్ని మానేశారో దాచకుండా డాక్టరుకు చెప్పండి.