సముద్రం లేని చోట సీగల్స్‌కి ఏం పని?

ప్రశ్న: మాకు సముద్రం చాలా దూరం. అయినా చలికాలం వచ్చిందంటే దగ్గర్లోని ఖాళీ మైదానంలో సీగల్స్ గుంపుగా దిగి గంటల తరబడి అలా నిలబడే ఉంటాయి. దారి తప్పి వచ్చాయా? తుఫానుకి సూచనా? తిండి ఏమైనా వెయ్యమంటారా?

జవాబు: దారి తప్పలేదండీ, ఆ టెన్షన్ వదిలేయండి. సీగల్స్‌లో చాలా జాతులకి సముద్రం కేవలం ఒక మజిలీ. గోధుమరంగు తల ఉండే సీగల్ టిబెట్ పీఠభూమి మీది ఎత్తైన సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికాలానికి తీరాలకీ పెద్ద చెరువులకీ దిగి వస్తుంది. చిలీలో ఉండే బూడిదరంగు సీగల్ సంగతి వింటే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే, అది చుక్క నీరు దొరకని అటకామా ఎడారిలో గూడు పెట్టుకుని తిండి కోసం సముద్రం దాకా ఎగిరి వెళ్లి వస్తుంది.

ఇక మైదానమే ఎందుకంటే, మొదటి కారణం తిండి. వాన కురిసిన మర్నాడు కాస్త ఓపిగ్గా చూడండి, ఒక్కో పక్షి ఉన్నచోటే నిలబడి రెండు కాళ్లతో గడ్డిని టపటపా తొక్కుతూ ఉంటుంది, ఆ అదురుకి వానపాములు పైకి వస్తాయి, అది మెడ వంచి, కాళ్ల దగ్గరే చూస్తూ, తల బయటపెట్టిన దాన్ని టక్కున లాగేస్తుంది. దుక్కి దున్నే ట్రాక్టర్ వెనకాల పడేదీ ఇందుకే. అమెరికాలోని యూటాలో 1848లో కొత్తగా వేసిన పంటల మీద మిడతల్లాంటి పురుగుల దండు పడితే, కాలిఫోర్నియా సీగల్స్ గుంపులుగా వచ్చి వాటిని తినేశాయి, ఆ కృతజ్ఞతతో అక్కడివాళ్లు వాటికి స్మారకస్తంభం కూడా కట్టారు. అది పసిఫిక్‌కి ఎంతో దూరం.

రెండోది విశ్రాంతి. కడుపు నిండాక వాటికి కావలసింది చుట్టూ అడ్డం లేని చదునైన నేల, కుక్క వచ్చినా డేగ వచ్చినా ముందే కనబడాలి. అందుకే పార్కింగ్ స్థలాలూ రన్‌వేలూ కూడా వదలవు (విమానాలకి ఇది నిజంగా ప్రమాదం). గాలి ఉన్నరోజు గమనించండి, దాదాపు అన్నీ గాలికి ఎదురుగానే ముఖం పెట్టి నిలబడతాయి, అలా అయితే ఈకలు చెదరవు, ఎగరడమూ తేలిక. చీకటి పడేవేళకి చాలావరకు ఏ జలాశయానికో వెళ్లి నీళ్ల మీదే నిద్రపోతాయి.

ఉప్పునీరు లేకపోతే ఎలా అని అనుమానం వద్దు, మంచినీళ్లు వాటికి హాయి. సముద్రం మీద ఉన్నప్పుడు మాత్రం కళ్ల పైనుండే గ్రంథులు ఎక్కువైన ఉప్పుని ముక్కు గుండా బయటికి పంపేస్తాయి.

పెద్ద తుఫాన్లు సముద్రపక్షుల్ని లోపలికి తోసేయడం నిజమే, కానీ ఏటా అదే కాలంలో అదే చోటికి వచ్చే గుంపుకీ తుఫానుకీ సంబంధం లేదు.

తిండి మాత్రం దయచేసి వెయ్యకండి. బ్రెడ్డులో వాటికి కావలసిన పోషణ ఉండదు, పైగా ఒకసారి అలవాటైతే చేతిలోది లాక్కుపోతాయి, అప్పుడు జనం వాటిని రాళ్లతో కొడతారు. గుంపంతా లేచిపోయాక ఒక్కటే రెక్క వేలాడేసుకుని మిగిలిపోతే దానికి దెబ్బో జబ్బో ఉన్నట్టు. బర్డ్ ఫ్లూ వీటికీ వస్తుంది కాబట్టి ఉత్తచేతులతో పట్టుకోకుండా అటవీశాఖ వాళ్లకో పశువుల డాక్టరుకో చెప్పండి.