డిఫెండర్‌ని ఫార్వర్డ్‌గా మార్చమని కోచ్‌ని అడగకండి

మెల్‌బోర్న్‌లో ఉంటున్న ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా వాడికి పన్నెండేళ్లు. జూనియర్ క్లబ్బులో ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) ఆడుతున్నాడు. కోచ్ ఎప్పుడూ వాణ్ని వెనకే నిలబెడుతున్నాడు. పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్‌లో డిఫెండర్‌కి నిజంగా కెరీర్ ఉంటుందా? ఫార్వర్డ్‌గా మార్చమని కోచ్‌ని అడగమంటారా?"

అడగకండి. మీ వాడు తనంతట తాను అడిగితే అది వేరే మాట. మీరుగా వెళ్లి మాత్రం అడగొద్దు.

కెరీర్ ఉంటుందా అంటే, దివ్యంగా ఉంటుంది. ఎసెండన్ క్లబ్బు ఫుల్‌బ్యాక్ (గోల్ ముందు నిలబడే డిఫెండర్) డస్టిన్ ఫ్లెచర్ 1993లో ఇంకా స్కూల్లో చదువుతూనే సీనియర్ టీములోకి వచ్చాడు. ఆ ఏడాదే ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్, గెలిచాడు. అక్కణ్నించి 2015 దాకా ఒకే క్లబ్బుకి సరిగ్గా 400 మ్యాచ్‌లు ఆడాడు. నలభై ఏళ్ల వయసులో, తన కొడుకు ఈడు కుర్రాళ్లతో పరిగెత్తాడు. నన్నడిగితే ఫుటీలో ఎక్కువ కాలం నిలబడేది వెనక ఆడేవాళ్లే. వేగం తగ్గినా, బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టే తెలివి తగ్గదు.

కానీ నేను చెప్పాలనుకుంటున్నది లియో బ్యారీ గురించి. డిఫెండర్ విలువేమిటో నాకు అర్థమైంది ఆయన వల్లే.

ఆయనది న్యూ సౌత్ వేల్స్‌లో రివరినా ప్రాంతంలోని డెనిలిక్విన్. 1995లో సిడ్నీ స్వాన్స్‌కి ఆడడం మొదలుపెట్టాడు. మొదటి కొన్నేళ్లు ఫార్వర్డే. ఆ తర్వాత వెనక్కి మార్చారు, అక్కడే పేరొచ్చింది. అవును, మీరు మీ వాడికి కోరుకుంటున్న దానికి సరిగ్గా వ్యతిరేకం జరిగింది ఆయనకి. ఎత్తు ఆరడుగులకి ఓ పిసరు ఎక్కువ, అంతే. తన మీదికొచ్చే ఫార్వర్డ్‌లు చాలామంది ఆయనకంటే ఒక తల పొడుగు. అయినా గాల్లోకి లేచాడంటే ఆ తేడా కనిపించేది కాదు. 2004, 2005 రెండేళ్లూ ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో, అంటే ఆ ఏడాది లీగ్ మొత్తంలో మేటి ఆటగాళ్ల జాబితాలో, చోటు దక్కింది.

2005లో నేను సిడ్నీలో చదువుకుంటూ, వారాంతాల్లో ఒక వృద్ధాశ్రమంలో కేరర్‌గా పనిచేసేదాన్ని. ఫుటీ అంటే ఏమిటో అప్పటికి ఓనమాలు కూడా తెలీదు. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. పుట్టి పెరిగింది మెల్‌బోర్న్‌లో, వయసయ్యాక కూతురికి దగ్గరగా ఉండాలని సిడ్నీ వచ్చారు. ఆయన టీము సౌత్ మెల్‌బోర్న్. అది ఆఖరిసారి ప్రీమియర్‌షిప్ గెలిచింది 1933లో, అప్పటికి ఆయన బడి పిల్లాడు. 1982లో ఆ క్లబ్బునే సిడ్నీకి తరలించేశారు, తర్వాత సిడ్నీ స్వాన్స్ అయింది. ఆ తరలింపు మీద కోపం పోకపోయినా టీముని వదల్లేదాయన. కుర్రతనంలో పేటలోని టీముకి బ్యాక్‌పాకెట్‌లో, అంటే వెనక మూలన డిఫెండర్‌గా, ఆడేవారట. కుడిచేతి చిటికెన వేలు పక్కకి వంగిపోయి ఉండేది. ఫార్వర్డ్ చేతికి చిక్కబోయే బంతిని పిడికిలితో గుద్దీ గుద్దీ అలా అయిందని చెప్పేవారు. సూప్ తాగించేటప్పుడు స్పూను ఆ వేలికి తట్టుకునేది.

ఆ సెప్టెంబర్ 24న గ్రాండ్ ఫైనల్. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో సిడ్నీ, వెస్ట్ కోస్ట్ ఈగిల్స్. శనివారం సాయంత్రం, హాల్లో టీవీ. రాత్రి భోజనాల ట్రాలీ తలుపు దగ్గరే ఆగిపోయింది, ఎవరూ ప్లేటు ముట్టడం లేదు. నేను ఆయన కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాను. సిడ్నీ నాలుగు పాయింట్ల ముందుంది. ఫుటీలో గోల్‌కి ఆరు పాయింట్లు, పక్క స్తంభాల మధ్య పడితే ఒకటి. అంటే ఒక్క గోల్ పడితే సిడ్నీ పని అయిపోయినట్టే.

ఆఖరి క్షణాలు. ఈగిల్స్ పొడగరి డీన్ కాక్స్ బంతిని ఎత్తుగా, పొడుగ్గా సిడ్నీ గోల్ వైపు తన్నాడు. కింద రెండు టీముల వాళ్లూ గుంపుగా కాచుకుని ఉన్నారు. అందరి చేతులూ లేచాయి. ఆ గుంపు మీద అడ్డంగా ఎగిరి, రెండు చేతులతో బంతిని పట్టేసినవాడు లియో బ్యారీ. బంతిని గుండెకి అదుముకుని నేలమీద పడ్డాడు. ఆ వెంటనే సైరన్. 58కి 54. డెబ్బై రెండేళ్ల తర్వాత ప్రీమియర్‌షిప్. "లియో బ్యారీ, యూ స్టార్!" అని కామెంటేటర్ స్టీఫెన్ క్వార్టర్‌మెయిన్ అరిచిన అరుపు ఇప్పటికీ ఆస్ట్రేలియాలో జనం నోళ్లలో ఉంది.

హాలంతా అరుస్తోంటే, ఈ పెద్దాయన మాత్రం కళ్లనీళ్లు కారుతుండగానే కోప్పడ్డారు. "అది గుద్దాల్సిన బంతి! డిఫెండర్ దాన్ని గుద్దాలి!" అని. తర్వాత సూప్ తాగుతూ విడమర్చి చెప్పారు. గుంపులో బంతి పైన ఉన్నప్పుడు డిఫెండర్‌కి నేర్పే మొదటి పాఠం, అనుమానముంటే గుద్దెయ్. పట్టుకోబోయి జారిపోతే నేరుగా ఎదుటివాడి ఒళ్లో పడుతుంది. కానీ ఆ రోజు గుద్ది ఉంటే బంతి గోల్ ముందు నేలమీద పడేది, కింద కాచుకున్న ఈగిల్స్ చిన్నవాళ్లలో ఎవడో ఒకడు కాలితో ఒక్క తోపు తోసినా చాలు. తన్నిన బంతిని గాల్లోనే పట్టుకుంటే మాత్రం (దాన్ని మార్క్ అంటారు) ఎవరూ అడ్డురాకూడదు, బంతి మనది, గడియారం మనది. ఆ గాలిలో, ఆ తోపులాటలో, రెప్పపాటులో బ్యారీ ఆ లెక్క తేల్చుకున్నాడు. "నేనైతే గుద్దేవాణ్ని, ఓడిపోయేవాళ్లం" అన్నారాయన. ఆయన నోట డిఫెండర్ గురించి అంతకంటే పెద్ద మెప్పు నేను మళ్లీ వినలేదు.

మరి ఆ రోజు గ్రౌండ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ ఎవరికి వచ్చిందనుకుంటున్నారు? ఓడిన టీములోని క్రిస్ జడ్‌కి, మిడ్‌ఫీల్డర్‌కి. జడ్ గొప్ప ఆటగాడే, కాదనను. అయినా నాకు ఇప్పటికీ మింగుడు పడదు. గోల్స్ ఎక్కువ కొట్టినవాడికి కోల్‌మన్ మెడల్ ఉంది, ఆపినవాడికి దానికి సాటి వచ్చేది లేదు. సీజన్ మొత్తానికి మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్‌కి ఓట్లు వేసేది అంపైర్లు, వాళ్ల కళ్లెప్పుడూ బంతి ఎక్కడుంటే అక్కడే, కాబట్టి మిడ్‌ఫీల్డర్లే కనిపిస్తారు. 1993లో వెనక ఆడిన గావిన్ వాంగనీన్ గెలిచాడు గానీ, అలాంటివి అరుదు. మన కబడ్డీలోనూ ఇంతే కదా, రైడర్ పేరు ఊరంతా చెప్పుకుంటుంది, వాడి చీలమండ పట్టి ఆపినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

పైగా లీగ్ మార్చిన నియమాలు చూస్తే ఒళ్లు మండుతుంది. 2008 గ్రాండ్ ఫైనల్లో హాథార్న్ డిఫెండర్లు ఒత్తిడి వచ్చినప్పుడల్లా బంతిని తామే తమ గోల్ గీత దాటించేసి, ఎదుటివాళ్లకి గోల్ బదులు ఒక్క పాయింటే ఇచ్చి ఆపద గట్టెక్కించుకున్నారు. అది తెలివి. మరుసటి ఏడాదే దానికి శిక్ష పెట్టారు. 2019లో మధ్యలో బంతి వేసే ప్రతిసారీ వెనక ఆరుగురే ఉండాలన్నారు. 2021లో మార్క్ పట్టినవాడికి ఎదురుగా నిలబడ్డవాడు అడుగు కదపకూడదన్నారు. స్కోర్లు పెరగాలట. వెనకవాళ్లు కష్టపడి ఒక దారి వెతుక్కోవడం, లీగ్ దాన్ని మూసేయడం, ఏళ్లుగా ఇదే వరస.

బ్యారీ సంగతికొస్తే, 2006లో అదే వెస్ట్ కోస్ట్ మీద మళ్లీ ఫైనల్ ఆడి ఒక్క పాయింటుతో ఓడారు, 84కి 85. 271 మ్యాచ్‌లు ఆడి 2009లో విరమించాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మేమూ తర్వాత మెల్‌బోర్న్ వచ్చేశాం. మా అమ్మాయి అమ్మాయిల టీములో హాఫ్‌బ్యాక్, అదీ డిఫెండర్ స్థానమే. ఆదివారం మ్యాచ్ అయ్యాక తెనాలి నుంచి మా అత్తగారు వీడియో కాల్ చేస్తారు. "గోల్ కొట్టావా తల్లీ?" అనేదే మొదటి మాట. "కొట్టనివ్వలేదు నాయనమ్మా" అంటుంది మా పిల్ల, మోకాలి మీద బురద గోక్కుంటూ. ఆవిడకి అర్థం కాదు, ఫర్వాలేదు. కానీ బౌండరీ దగ్గర నిలబడి ఆట చూసే మన తల్లిదండ్రులు కూడా ఇదే అడగడం నాకు నచ్చదు. మార్కులు లెక్కపెట్టినట్టు గోల్స్ లెక్కపెడుతుంటే, ఆపిన బంతుల లెక్క ఎవరు రాస్తారు? మా అమ్మాయి కోచ్ ఒకామె రాస్తుంది. చేతిలో చిన్న నోట్‌బుక్కు, స్పాయిల్ చేసిన, అంటే బంతిని గుద్ది ఆపిన, ప్రతిసారీ ఒక గీత. అలాంటి కోచ్ దొరికితే పిల్లలు ఇష్టంగా వెనకే ఆడతారు. మీ వాడి కోచ్ వాణ్ని కావాలనే అక్కడ పెట్టి ఉంటాడు, ఎందుకంటే బుర్ర ఉన్న పిల్లల్నే వెనక నిలబెడతారు. ఆట మొత్తం కళ్లెదురుగా కనిపించేది అక్కణ్నించే.

భయపడాల్సింది వేరే ఉంది. వెనక ఆడేవాడు బంతి వైపే చూస్తూ గుంపులోకి ఎగురుతాడు, తలకి దెబ్బలు తప్పవు. కాలింగ్‌వుడ్ డిఫెండర్ నేథన్ మర్ఫీ 2023 గ్రాండ్ ఫైనల్ మొదట్లోనే తలకి దెబ్బ తగిలి బయటికి వచ్చాడు. టీము గెలిచింది, మెడల్ వచ్చింది, మరుసటి ఏడాదే డాక్టర్ల సలహాతో ఆట మానేశాడు. ఇరవై నాలుగేళ్లకి. రిచ్మండ్ ఫుల్‌బ్యాక్ అలెక్స్ రాన్స్ వరసగా ఐదేళ్లు ఆల్ ఆస్ట్రేలియన్, 2019 సీజన్ మొదటి మ్యాచ్‌లో మోకాలి లిగమెంటు తెగింది, ఆ ఏడాది చివరికి ఆటకే స్వస్తి చెప్పాడు. ఈ వృత్తిలో 400 మ్యాచ్‌లూ ఉంటాయి, ఇలాంటివీ ఉంటాయి.

కాబట్టి కోచ్ దగ్గరికి వెళ్లాలనే ఉంటే పొజిషన్ గురించి కాదు, ఇది అడగండి: తలకి దెబ్బ తగిలితే పిల్లాణ్ని బయటికి తీసుకొచ్చే నిర్ణయం ఎవరిది? కంకషన్ (తలదెబ్బతో మెదడు అదరడం) అయిన పిల్లల్ని క్లబ్బు స్థాయిలో కనీసం 21 రోజుల దాకా మళ్లీ మ్యాచ్ ఆడించకూడదని నియమం ఉంది, దాన్ని వీళ్లు పాటిస్తున్నారా? ఫైనల్ ఉందని తొందరపెడతారా? మంచి కోచ్ ఈ ప్రశ్నలకి నొచ్చుకోడు. నొచ్చుకుంటే మార్చాల్సింది పొజిషన్ని కాదు, క్లబ్బుని.