రీ: హోస్ట్ ఫ్యామిలీ రోజూ పిల్లల్ని చూసుకోమంటున్నారు
మీరు యూకేకి ఛారిటీ వర్కర్ వీసా (ఛారిటీ సంస్థలో వాలంటీర్‌గా పనిచేయడానికి ఇచ్చేది) మీద వెళ్లారన్నారు కదా, ఆ వీసా మీకు స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌లో (మిమ్మల్ని పిలిపించుకున్న ఛారిటీ ఇచ్చేది) రాసిన పని కోసం ఇచ్చింది, గరిష్ఠంగా 12 నెలలు, జీతం ఉండదు ఖర్చులు మాత్రం ఇవ్వొచ్చు. అంతేగానీ ఉండటానికి రూమ్ ఇచ్చాం కాబట్టి రోజూ సాయంత్రం పిల్లల్ని చూడు అంటే కుదరదండి. తిన్న ప్లేట్ కడగడం, ఎప్పుడైనా ఓ గంట పిల్లల దగ్గర కూర్చోవడం వేరు, అది అందరూ చేసేదే. ముందు ఆ ఫ్యామిలీతోనే నెమ్మదిగా "వారంలో ఫలానా రోజు అయితే ఓకే, మిగతా రోజులు అలిసిపోతున్నా" అనండి, మొహమాటపడితే మాత్రం ఇంకా నెత్తికెక్కుతారు. వినకపోతే మీ ఛారిటీ కోఆర్డినేటర్‌కి ఫోన్ కాదు, మెయిల్ పెట్టండి, తేదీలు టైమింగ్స్‌తో సహా, ఇల్లు మార్చమని కూడా అందులోనే అడిగేయండి.