పావురాన్ని తీసెయ్

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకు పడుతూ, రెండోసారి ఒక్క వాక్యం కోసం. 2003 ఫిబ్రవరి 15, ఇరాక్ యుద్ధం వద్దంటూ కెనడాలోని మాంట్రియల్‌లో ఊరేగింపు. చలికి మార్కర్ రాయనని మొరాయిస్తే నీ నాయిక దాన్ని కోటు లోపల చంకలో పెట్టుకుని వెచ్చబెడుతుంది చూశావూ, అదీ. అలాంటివి ఇంకో నాలుగున్నా నేనింత ఉత్తరం రాసేవాణ్ని కాను.

ఇక చిరాకు సంగతి. నీ కథలో కెనడా ప్రధాని క్రెటియెన్ పార్లమెంటులో లేచి "యుద్ధం వద్దు" అంటాడు. అనలేదు తల్లీ! మార్చి 17న ఆయన సభలో చెప్పిందల్లా, భద్రతా మండలి కొత్త తీర్మానం లేకుండా అమెరికా ఇరాక్ మీదికి వెళ్తే కెనడా అందులో పాల్గొనదని. అంటే "వద్దు" కాదు, "రాము". "వద్దు" అన్నవాడు ఎదుటివాడి చెయ్యి పట్టుకుంటాడు, "రాను" అన్నవాడు తన కాలు వెనక్కి తీసుకుంటాడు. ఈ తేడా తెలియకుండా యుద్ధం మీద కథ రాయకూడదని నా మొండి పట్టు.

పైగా ఆయన నోట్లో "మనం" పెట్టావు. తన సభకి చెప్తే "మనం వెళ్లం", వాషింగ్టన్ వినాలని చెప్తే "మేం రాం". ఆయన ఒక్క మాటతో రెండు చోట్లకీ చెప్పేశాడు, ఇంగ్లీషులో ఆ వెసులుబాటు ఉంది. తెలుగులో రాసే నీకు లేదు. ఆయన ముఖం ఎటువైపుందో తేల్చుకుని రాయి.

"వద్దు" అన్నవాడే కావాలంటే 1965కి వెళ్లు. అప్పటి కెనడా ప్రధాని పియర్సన్ ఫిలడెల్ఫియాలో, అమెరికా గడ్డ మీదే నిలబడి, ఉత్తర వియత్నాం మీద బాంబులు కొన్నాళ్లు ఆపి చూడమన్నాడు. మర్నాడు క్యాంప్ డేవిడ్‌లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆయన్ని దులిపేశాడు. అదే యుద్ధానికి కెనడా ఫ్యాక్టరీలు సామగ్రి అమ్ముతూనే ఉన్నాయి, అది వేరే కథ. వేరేదేమిటిలే, అదీ ఈ కథే.

నీ కెనడా మరీ కడిగిన ముత్యంలా ఉంది. 2003లో "రాము" అన్నాక కూడా అఫ్గానిస్తాన్ పని పేరుతో వాళ్ల యుద్ధనౌకలు గల్ఫ్‌లోనే ఉన్నాయి. రెండు సైన్యాల ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు కింద అమెరికా దళాల్లో పనిచేస్తున్న కెనడా సైనికులను వెనక్కి పిలవలేదు. ప్రతిపక్ష నాయకుడు హార్పర్ అమెరికా పక్కన నిలబడాలన్నాడు. ఇవన్నీ వదిలేసి చివర్లో పావురాన్ని ఎగరేశావు.

ఆ పావురంతో నాకు పాత పగ ఉంది. నా రెండో కథలో ఒక కుర్రాడు పటాలంలో చేరమంటే "రాను" అని గుమ్మంలో కూర్చుండిపోతాడు, అంతే. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ మాట కొట్టేసి "యుద్ధం వద్దు! శాంతి ముద్దు!" అని అచ్చేశాడు. పక్కన పావురం బొమ్మ, నోట్లో ఆకు. పత్రిక పట్టుకుని వాళ్ల ఆఫీసు మెట్లెక్కాను, "సందేశం లేకపోతే పాఠకుడికి ఎలా తెలుస్తుందయ్యా" అని టీ ఇప్పించాడు. పారితోషికం మాత్రం ఇప్పించలేదు. ఆ ప్రాస నా పేరు మీద ఇప్పటికీ బతికే ఉంది. ఇప్పటి సంపాదకులు పావురం అడగరు, ఆఖరి వాక్యాన్ని విడిగా ఒక పేరాలో నిలబెట్టమంటారు. నువ్వూ నిలబెట్టావు, పావురంతో సహా.

కలం పేరు గురించీ, పోటీకి పంపడం గురించీ అడిగావు. ఆగు, ముందు ఆ నాన్న సంగతి చూద్దాం.

నాయిక నాన్న లారీ డ్రైవరని రెండే లైన్లు రాసి వదిలేశావు. నీ కథ అక్కడుంది! అప్పట్లో కెనడా ఎగుమతుల్లో 80 శాతానికి పైగా అమెరికాకే పోయేవి. "మీరు రాలేదని మావాళ్లు చాలామంది నొచ్చుకున్నారు" అనే అర్థం వచ్చేలా అమెరికా రాయబారి సెలూచి టొరంటోకి వచ్చి మరీ మాట్లాడాడు. ప్రధాని ఒట్టావాలో "రాము" అన్న మర్నాడు కూడా ఆ నాన్న న్యూయార్క్ వైపు లోడు తోలుకుపోవాల్సిందే. కూతురు ఊరేగింపుకు వెళ్లిందని ఆయనకి తెలుసు. ఆమె నినాదం రాసుకున్న అట్టముక్క లారీ క్యాబిన్‌లో సీటు వెనక ఉండిపోయిందేమో కూడా.

మార్చి 18 పొద్దున, సరిహద్దు దగ్గర లారీల వరస. కిటికీ దించి కాగితాలు అందించాడు. అవతల కుర్రాడు యూనిఫాంలో ఉన్నాడు, వాడి అన్నో తమ్ముడో కువైట్‌లో ఉండొచ్చు. వాడేమైనా అంటాడా, ముద్ర కొట్టి పంపేస్తాడా? ఏమీ అనకపోతేనే నాకిష్టం. నాన్న కిటికీ ఎప్పుడు ఎత్తాడో మాత్రం రాయి.

ఆశీస్సులతో.