మాటల్లేని సినిమాలో ‘దబ్బున’ పడొచ్చా?

సందేహం: బస్టర్ కీటన్ పాత అమెరికన్ మూకీ కామెడీ ‘వన్ వీక్’ (1920) గురించి రాస్తూ ‘మేడమీంచి దబ్బున పడ్డాడు’ అన్నాను. చప్పుడే లేని సినిమాలో దబ్బున ఎలా పడతాడని మిత్రుడు ఆక్షేపించాడు. ‘అన్నాడు’ అని కూడా రాయకూడదట. నిజమేనా?

సమాధానం: నిక్షేపంగా రాయొచ్చు. ‘దబ్బున’ పుట్టింది చప్పుడులోంచే గానీ, వాక్యంలో అది చెప్పేది పడ్డ తీరు. సినిమాలోని ఆ మేడ పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన ఇల్లు. కీటన్ భార్యను పెళ్ళాడాలనుకుని భంగపడ్డవాడు పెట్టెల మీది నెంబర్లు మార్చేశాడు, ఇల్లు వంకరటింకరగా లేచింది. కీటన్ పై అంతస్తులో ఒక తలుపు తీసుకుని అడుగు బయటపెడతాడు. అవతల మెట్టూ లేదు, వసారా లేదు. నిలువునా కిందికి! దీనికి దబ్బున కాక ఇంకేం రాస్తాం?

అసలు మన అనుకరణ పదాల్లో చాలావాటికి చెవితో పనే లేదు. నక్షత్రం తళుక్కుమంటుంది, కాలిన వేలు చురుక్కుమంటుంది. ‘అను’ క్రియ ఉన్నంతమాత్రాన అవేవీ మాట్లాడవు. ఈ సినిమాలోనే గాలివానకి ఇల్లు ఇల్లంతా గిర్రున తిరుగుతుంది (తిరిగే పీఠం మీద కట్టారు లెండి). ఇంత జరిగినా కీటన్ మొహంలో నవ్వుండదు, ఏడుపుండదు, కిక్కురుమనడు. నోరు మెదపలేదని చెప్పడానికీ మనకు చప్పుడు మాటే కావాలి మరి!

పైగా మూగది తెరే, హాలు కాదు. ఆ రోజుల్లో అమెరికా థియేటర్లలో పియానోనో ఆర్గనో మోగేది. కొన్నిచోట్ల తెరమీద మనిషి పడగానే డ్రమ్ముల అతను ఒక దెబ్బ వేసేవాడు.

అయితే ‘దబ్బుమన్న చప్పుడు వినిపిస్తుంది’ అని మాత్రం రాయకండి. అది సినిమాలో లేనిదాన్ని ఉందనడం. ‘కెవ్వున అరిచింది’ దగ్గర నాకూ కాస్త ఇబ్బందే, ‘బెదిరిపోయింది’ అంటే సరిపోతుంది.

ఇక ‘అన్నాడు’. పాత్ర మాటలు రాసిన కార్డు తెరమీద పడితే ధైర్యంగా రాయండి. చేష్టలతోనే తెలిసినచోట ‘అన్నట్టు’ ఉంది. చివర్లో ఇల్లు రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. ఒక రైలు పక్క పట్టాల మీంచి పోతుంది. మొగుడూ పెళ్ళాం హమ్మయ్య అనుకునేలోగా ఎదురు దిక్కునుంచి ఇంకోటి వచ్చి నుగ్గునుగ్గు చేస్తుంది. ‘కావాలంటే కొనుక్కోండి’ అన్నట్టు కీటన్ ఆ కట్టెలకు అమ్మకం బోర్డు తగిలించి వెళ్ళిపోతాడు. ఇక్కడ ‘అన్నాడు’ అని రాస్తే మీ మిత్రుడిదే రైటు.