సారా ఖాదెమ్ అంటే హిజాబ్ తీసేసిన అమ్మాయేనా? ఆటలో ఆమె స్థాయి ఏమిటి?

ఇరాన్ చెస్ క్రీడాకారిణి సారా 2022లో కజకిస్తాన్‌లోని అల్మాటీలో హిజాబ్ లేకుండా ప్రపంచ పోటీ ఆడింది. ఆ హిజాబ్ గొడవే లేకపోతే ఈ పేరు మనకు తెలిసేదా అని కూడా అడిగారు. చెస్ చూసేవాళ్లకు తప్పకుండా తెలిసేది. నేను ఒకప్పుడు రాష్ట్రస్థాయి టోర్నమెంట్లు ఆడాను, ఇప్పుడు గుంటూరులో సాయంత్రాలు పిల్లలకు చెస్ నేర్పుతున్నాను. మా వైపు ఆడపిల్లల చెస్ అంటే హంపి, హారిక. వాళ్లకు ఎన్ని పాయింట్లు వచ్చాయో చూద్దామని పట్టిక తెరిస్తే, పై వరసల్లో ఇరాన్ జెండా పక్కన సారాసాదత్ ఖాదెమల్‌షరీయే అని ఒక పేరు తరచూ కనిపించేది, అది సారా పూర్తి పేరు. నోరు తిరగక మా పిల్లలు 'ఇరాన్ సారా' అనేసేవాళ్లు.

ఆమె 1997లో టెహ్రాన్‌లో పుట్టింది. ఇస్లామిక్ విప్లవం తర్వాత కొన్నేళ్ల పాటు ఇరాన్‌లో చెస్‌ను జూదం కింద జమకట్టి నిషేధించారు. పందెం కాయనంత వరకు ఆడుకోవచ్చని 1988లో దేశ సర్వోన్నత నేత ఖొమేనీ చెప్పాక గానీ ఆట మళ్లీ బయటికి రాలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు పుట్టిన ఈ పిల్ల 2009లో అండర్-12 బాలికల ప్రపంచ చాంపియన్ అయింది. 2014లో ప్రపంచ జూనియర్ పోటీలు పుణెలో జరిగినప్పుడు బాలికల విభాగంలో రష్యా అమ్మాయి గొర్యాచ్‌కినా తర్వాతి స్థానం సారాదే. 2015లో ఇంటర్నేషనల్ మాస్టర్ టైటిల్ (గ్రాండ్‌మాస్టర్‌కు ఒక మెట్టు కింద) వచ్చింది.

అసలు సత్తా బయటపడింది 2018 డిసెంబరులో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. ప్రపంచ రాపిడ్‌లో రజతం, వెంటనే బ్లిట్జ్‌లో ఇంకో రజతం. రాపిడ్‌లో చైనా క్రీడాకారిణి జూ వెన్‌జున్, బ్లిట్జ్‌లో రష్యా క్రీడాకారిణి లాగ్నో తప్ప ఆమెకన్నా ముందు ఎవరూ లేరు. రాపిడ్ అంటే ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్ల చొప్పున అదనం. బ్లిట్జ్‌లో మూడు నిమిషాలు, రెండు సెకన్లే. రాపిడ్‌లో బాగా ఆడినవాళ్లు మర్నాడు బ్లిట్జ్‌లో చతికిలపడటం మామూలే. అయిదు రోజుల్లో రెండిటిలోనూ రెండో స్థానం అంటే గాలివాటంగా వచ్చేది కాదు. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు.

ఇవన్నీ ఆమె తలకు స్కార్ఫ్ కట్టుకునే ఆడింది. ఇరాన్ తరఫున ఆడాలంటే అది తప్పనిసరి. 2017లో ప్రపంచ మహిళల చాంపియన్‌షిప్ టెహ్రాన్‌లోనే పెట్టినప్పుడు విదేశీ క్రీడాకారిణులకూ అదే నియమం. అమెరికా చాంపియన్ నాజీ పైకిడ్జే రానని చెప్పేసింది. మన హారిక వెళ్లి, తల కప్పుకుని ఆడి, కాంస్యం తెచ్చింది. మరుసటి ఏడాది ఇరాన్‌లోనే హమదాన్‌లో జరిగిన ఆసియా జట్ల పోటీకి మన సౌమ్య స్వామినాథన్ వెళ్లనంది. హారికనీ తప్పుపట్టను, సౌమ్యనీ తప్పుపట్టను. అలాంటి చోట పోటీ పెట్టడానికి ఒప్పుకున్న పెద్దలదే తప్పని నా అభిప్రాయం.

గుడ్డ ముక్కకు ఇంత రాద్ధాంతమా అనేవాళ్లకు ఒకటి చెబుతాను. ఒకసారి నాకు టైమ్ అయిపోవస్తుండగా బోర్డు మీదికి వంగితే చున్నీ కొస తగిలి నా ఏనుగు, పక్కనున్న బంటు రెండూ పడిపోయాయి. పడగొట్టినవాళ్లే, తమ గడియారం నడుస్తుండగానే వాటిని సరిగ్గా నిలబెట్టాలన్నది రూల్. టెన్షన్‌తో చేతులు వణుకుతుంటే ఆ బంటు ఏ గడిలో ఉండేదో గుర్తుకు రాదు! తర్వాతి రౌండ్‌కు పిన్ను పెట్టుకున్నాను, ఆ పైన డ్రెస్సే మార్చుకున్నాను. నన్నెవరూ అడగలేదు. కెమెరాలో జుట్టు ఎంత కనబడుతోందో కూడా చూసుకుంటూ ఎత్తులు వేయాల్సిన మనిషి అవస్థ దీనికి ఎన్నో రెట్లు.

సారా తిరుగుబాటు అల్మాటీలో మొదలైంది కాదు. 2020 జనవరిలో ఇరాన్ సైన్యం ఉక్రెయిన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చేశాక ఆమె జాతీయ జట్టు నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పత్రికలు దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి గానీ, నా దృష్టిలో అంతకన్నా పెద్ద నిర్ణయం లేదు. ప్రపంచ స్థాయి పోటీలకు పేరు పంపేది ఫెడరేషన్ (దేశ చెస్ సంఘం), జట్టులో చోటిచ్చేది ఫెడరేషన్. చెస్‌లో ప్రైజ్ మనీతో బతికేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. హంపికైనా ఓఎన్‌జీసీ ఉద్యోగం ఆసరాగా ఉంది. ఇరవై రెండేళ్ల వయసులో ఫెడరేషన్‌తో తెగతెంపులంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

ఇక 2022 డిసెంబరు. హిజాబ్ సరిగ్గా వేసుకోలేదని పట్టుకెళ్లిన మహ్సా అమీనీ అనే అమ్మాయి పోలీసుల అదుపులో చనిపోయి మూడు నెలలు దాటింది, ఇరాన్ వీధులు అట్టుడుకుతున్నాయి. అల్మాటీలో ప్రపంచ రాపిడ్, బ్లిట్జ్. నేను హంపి కోసమే లైవ్ పెట్టుకున్నాను (ఆ బ్లిట్జ్‌లో హంపికి రజతం వచ్చింది). జాతీయ జట్టు నుంచి తప్పుకున్నా అక్కడ పేరు పక్కన ఇరాన్ అనే ఉంది, సారా తల మీద మాత్రం ఏమీ లేదు. నినాదాలు లేవు, ప్రసంగాలు లేవు. వచ్చింది, కూర్చుంది, ఆడింది. అప్పటికి ఇంట్లో ఏడాది కూడా నిండని కొడుకు.

అక్కడి నుంచి ఇరాన్‌కు తిరిగి వెళ్లలేదు. భర్తతో, పిల్లాడితో 2023 జనవరిలో స్పెయిన్ చేరింది. ప్రధాని పెడ్రో సాంచెజ్ పిలిచి ఆమెతో చెస్ ఆడారు. ఇరాన్‌లో అరెస్టు వారెంట్ జారీ అయిందని వార్తలొచ్చాయి. జులైలో స్పెయిన్ పౌరసత్వం వచ్చింది, ఇప్పుడు ఆ దేశం తరఫునే ఆడుతోంది. ఒక దశలో 2490 దాటిన రేటింగ్ (ఆటలో బలాన్ని చెప్పే అంకె) ఆమెది. పసిబిడ్డ, కొత్త దేశం, కొత్త భాష ఒకేసారి మీద పడితే ఎవరి ఆటైనా కొంత వెనకబడుతుంది. 2018 లాంటి డిసెంబరు ఆమెకు మళ్లీ రాలేదు.

ఈ దారిలో ఆమె ఒక్కతే కూడా కాదు. 2017లో హిజాబ్ లేకుండా జిబ్రాల్టర్‌లో ఆడినందుకు దోర్సా దెరక్షానీ మీద ఇరాన్ నిషేధం పెట్టింది. ఆమె అమెరికాకు మారింది. ఆసియా చాంపియన్ మిత్రా హెజాజీపూర్‌ను ఇదే కారణంతో 2020లో జట్టు నుంచి తీసేస్తే, 2023లో ఫ్రాన్స్ జాతీయ మహిళల చాంపియన్ అయి కూర్చుంది. మరో ఆసియా చాంపియన్ అతూసా పూర్‌కాషియాన్ కూడా ఇప్పుడు అమెరికా తరఫునే. సారాను మొదటి బోర్డు మీద, మిగతా ముగ్గురినీ వరసగా కూర్చోబెడితే దేశాల జట్లు తలపడే ఒలింపియాడ్‌లో పెద్ద జట్లకూ చెమటలు పట్టేవి. ఆ నలుగురూ ఇప్పుడు మూడు దేశాలకు ఆడుతున్నారు, వాటిలో ఇరాన్ లేదు.